నలభై ఒకటో నంబరు గీత ముట్టకుండ్రి

పోయిన వారం సుజాత ఫోన్ చేసింది.

"అవ్వా, మా ఆఫీసుల కొత్త పిల్లలు ప్రోగ్రాం సాపు చేస్తున్నరు. అండ్ల మీ ఊరి నలభై ఒకటో నంబరు గురించి ఒక గీత ఉన్నది. అదెందుకో అర్థమైతలేదు, తీసేస్తమంటున్నరు."

"రాసింది నువ్వే కద. నువ్వే చెప్పు."

"నేను చెప్తే మేడం చెప్పిందని తలకాయలు ఊపుతరు. ఆర్నెల్లకు ఇంకోలు వచ్చి తీసేస్తరు. నువ్వు రాసియ్యి అవ్వా. కొత్తగ చేరినోళ్లకు మొదటి రోజే చదివిస్త."

గందుకు రాస్తున్న. ప్రోగ్రాంల ఒక్కొక్క వరుసను నేను గీత అంట. మీరేమంటరో నాకు తెల్వదు.

నా పేరు సత్తెమ్మ. మాది భువనగిరి దగ్గర ఊరు. మా పాలకేంద్రం అరుగు మీద నిలబడితే గుట్ట మీది కిల్లా కనిపిస్తది. నేను చదివింది మూడో తరగతి, అదిగూడ సగం. గా కేంద్రాన్ని ఇరవై ఏండ్లకు పైన నడిపిన. పోయినేడు మోకాళ్లు మాట ఇనకపోతే కోడలికి అప్పజెప్పి దిగిన. పాత క్యాలెండర్ కాగితాల వెనక రాస్తున్న గనుక జాగా తక్కువ ఉన్నది. నా జీతం, నాకు కప్పిన శాలువ ఇండ్ల రాయను. మీకు అక్కెరకొచ్చేదే రాస్త.

బర్రెకు ఆదివారం లేదు

మొదలు పని తెలుసుకోండ్రి. పాలు పోసే ఒక్కొక్క ఇంటికి ఒక నంబరుంటది. మనిషి వచ్చి నంబరు చెప్పి క్యాను వంపుతడు. కాంటా తూకం చూస్తది. చెంచెడు పాలు ఫ్యాట్ మిషన్ల పోస్తే అది వెన్న ఎంతున్నదో చెప్తది. కంప్యూటర్ స్లిప్పు ఇస్తది, ఆ ఇంటోళ్ల ఫోన్‌కు మెసేజ్ పంపుతది. గంతే.

పొద్దున ఆరింటికెల్లి ఎనిమిది దాక పాలు పట్టుడు. ఎనిమిదిన్నరకు పాలబండి. మళ్ల మాపు అయిదింటికెల్లి ఏడు దాక. నడుమ ఎండపొద్దంత ఖాళీ. బర్రెకు ఆదివారం తెల్వదు, బంద్ తెల్వదు, మీ కొత్త వర్షన్ తెల్వదు. దాని పొదుగు నిండితే అది అరుస్తది.

నా మీద వేణు సారని పాల కంపెనీ సూపర్‌వైజర్ ఉండె. మోటర్‌సైకిల్ మీద ఊరూరు తిరిగేటోడు. కంప్యూటర్ వచ్చిన ఏడు, ఎండకాలంల, ఒకరోజు పొద్దున ఆరున్నరకు దిగిండు. అరుగు మీద వరుసంత క్యాన్లే.

"సత్తెమ్మా, జర జరుగు. కొత్త వర్షన్ వచ్చింది, రెండు నిమిషాల పని."

"పాలబండి పోయినంక చేద్దాం సారూ."

"పైనుంచి ఇయ్యాలనే అన్నరు."

నొక్కిండు. తెర మీద ఒక చక్రం తిరుగుడు మొదలువెట్టింది. ఏడయింది. ఇంక తిరుగుతనే ఉన్నది. వరుసల ముందు నర్సింహ ఉన్నడు. మా ఊర్ల మంచి బర్రె ఆయనది, పెద్ద నోరు గూడ ఆయనదే.

"సారూ, ఆ చక్రాన్ని మీ మోటర్‌సైకిల్‌కు బిగిస్తే పెట్రోలు లేకుండ భువనగిరి పోవచ్చు," అన్నడు.

అందరు నవ్విండ్రు. నాకు నవ్వు రాలేదు. ఎండకాలం పాలు నవ్వుకుంట నిలబడవు, ఇరుగుతయి. అటుక మీది పాత గుండ్ల కాంటా దింపిన. నోటుబుక్కు తీసిన. ఒక్కొక్కరి పాలు చిన్న సీసల పట్టి, సీస మీద సుద్దతోని నంబరేసి పక్కకు పెట్టిన. పాలబండి వచ్చేటాళ్లకు ఆఖరి క్యాను గూడ ట్యాంకుల పడ్డది. చక్రం పదిన్నరకు ఆగింది. అప్పుడు ఒక్కొక్క సీస తీసి మిషన్ల పోసుకుంట కూసున్న.

వేణు సారు చెడ్డోడు కాదు. ఒకసారి వానల నన్ను దవాఖానకు తీస్కపోయిండు. కని ఆయనకు పైనోళ్లను చూస్తే భయం, ముంగట నిలబడ్డోళ్లను చూస్తే లేదు. అసొంటి సారు మీకు గూడ దొరుకుతడు. ఆయనతోని కొట్లాడకుండ్రి. మీరు నొక్కే దానిని పాలబండి పోయినంకనే నొక్కుండ్రి. పాత కాంటాను, నోటుబుక్కును అమ్మకుండ్రి. అదొక్కటి చేస్తే సగం పని వచ్చినట్టే.

బర్రెలన్ని ఆవులైన పొద్దు

ఇప్పుడు సుజాత చేసిన తప్పు రాస్త. రాయమన్నది ఆమెనే కద.

సుజాతది మక్తల్ దిక్కు. తల్లిదండ్రులు వానకు మొఖం చూసే చెలకల ఆముదాలు, జొన్నలు పండించి చదివిచ్చిండ్రు. మా పాల ప్రోగ్రాం రాసే కంపెనీల పని దొరికింది. తెలివిగలదే. కని అప్పటిదాక ఆమె ఒక్క పాలకేంద్రం చూడలే.

తెర మీద రెండు బొత్తాలుంటయి. ఎడమ దిక్కు బర్రె, కుడి దిక్కు ఆవు. పాలు దేనియో చెప్పకపోతే ఫ్యాట్ మిషన్‌కు లెక్క తప్పుతది. వరుసల జనం తొందర పెడుతుంటే నేను అక్షరాలు కూడబలుక్కోలేను. గందుకు నా బొట్టుబిళ్ల తీసి బర్రె బొత్తం మీద తెరకే అంటించుకున్న. బిళ్ల మీద వేలు పడ్డదంటే బర్రె. మా ఊర్ల ఆవులు నాలుగే. వాటికి చూసి నొక్కేదాన్ని.

ఒకరోజు కొత్త వర్షన్ వచ్చింది. ఈసారి పగటీలినే వచ్చింది, బరాబరే. ఏదో చిన్న లెక్క సరిచేసిండ్రట. మాపు పాలు మొదలైనయి. నర్సింహ పోసిండు, నేను బిళ్ల మీద నొక్కిన. ఫ్యాట్ చూస్తే ఎప్పుడు లేనంత తక్కువ. తర్వాతాయనది తక్కువ. ఆ తర్వాతామెది తక్కువ. వరుస ఆఖరుకొచ్చేటాళ్లకు నర్సింహ స్లిప్పు పట్టుకొని మళ్ల వచ్చిండు.

మీకు తెల్వదేమో, మా దిక్కు మనిషిని నల్లగున్నవన్నా ఊకుంటడు, ఆయన బర్రె పాలు పలుచన అంటే ఊకోడు.

"చిన్నమ్మా, నా బర్రెకు పొద్దున పత్తిచెక్క పెట్టిన, నానబెట్టిన ఉలువలు పెట్టిన. గింత ఫ్యాటా? నీ మిషన్‌ను నా ఇంటికి తోలియ్యి, దానికి గూడ జర ఉలువలు పెడత!"

"నీళ్లు కలిపినవేమో చూస్కో," అన్న. ఆ మాట అనకుంటె అయిపోవు.

"నేను నీళ్లు కలిపిన్నా? నేనా?" అని క్యాను మూత నేలకేసి కొట్టిండు. స్లిప్పు చదివిచ్చుకోనీకె వరుసల ఉన్న పంతులమ్మకు ఇచ్చిండు. ఆమె చదివి, నా మొఖం చూసి, మెల్లగ అన్నది: "నర్సింహా, ఇండ్ల ఆవు అని ఉన్నది."

అరుగంత నర్సింహ దిక్కు తిరిగింది. తర్వాత నర్సింహ అన్నడు: "చిన్నమ్మా, నా బర్రె ఎప్పుడు ఆవైంది? నాకొక మాట చెప్పకపోతిరి. పసుపు, కుంకుమ పెట్టి మొక్కేటోణ్ని."

సుజాత లెక్కతోపాటు బొత్తాల జాగాలు గూడ మార్చిందట. ఆవును ఎడమకు తెచ్చింది. "అట్లయితే చూడ అందంగుంటదనుకున్న అవ్వా," అన్నది ఫోన్ల. బొత్తం జరిగింది, నా బొట్టుబిళ్ల జరగలే. నేను ఆ మాపు ఇరవై ఆరు బర్రెలను ఆవులను చేసిన.

మరునాడు సుజాత స్వయంగ బస్సు దిగింది. తెల్లగ, సన్నగ, భుజాన సంచి.

"టెస్ట్ చేసినం అవ్వా," అన్నది.

"యాడ చేసిండ్రు?"

"ఆఫీసుల."

"మీ ఆఫీసుల బర్రెలున్నయా?"

ఆమెను అరుగు మీద కూసోబెట్టి చాయ ఇచ్చిన. మాపటి పాలు చూసే పొమ్మన్న. రెండు గంటలు నా వేలు దిక్కే చూసింది. తర్వాత తెర మీది బొట్టుబిళ్లను ముట్టి చూసి, "దీని గురించి మాకు ఎవరు చెప్పలే," అన్నది.

"ఎవరు అడగలే," అన్న.

ఆమె నాకు నచ్చింది అప్పుడే. వేణు సారైతే బిళ్ల పీకేయమనేటోడు. ఆమె బొత్తాలను మళ్ల వాటి జాగాల పెట్టింది. అప్పటికెల్లి ఒకసారికి ఒక్కటే మార్చేది, లెక్క దిద్దొచ్చినప్పుడు లెక్కనే దిద్దేది. నేను నర్సింహ ఇంటికి పోయి నీళ్ల మాట ఎనక్కు తీసుకున్న. ఆయన పెండ్లాం ముంగటనే అనమన్నడు. అన్న. మళ్ల ఒకసారి అనమన్నడు. రెండోసారి అనలే.

గిన్నె కడిగే ముందు తోడు తీయాలె

సుజాత నెలకొకసారి వచ్చేది. ఆమె నాకు నేర్పింది, నేను ఆమెకు నేర్పింది కలిపి ఈ ముచ్చట.

మా ఇంట్ల పెరుగు గిన్నె ఎన్నడు మొత్తం ఖాళీ కాదు. కడిగే ముందు చెంచెడు పక్కకు తీస్త. కొత్త పాలు తోడుకోకపోతే రేపటికి దిక్కు అదే. ఇది విని సుజాత, కొత్త ప్రోగ్రాం ఎక్కించినా పాతదాన్ని చెరపకుండ అదే కంప్యూటర్ల ఒక మూలకు ఉంచుడు మొదలువెట్టింది. కొత్తది మొరాయిస్తే ఒక బొత్తంతోని పాతదానికి పోవచ్చు. ఆ బొత్తం మీద గూడ ఒక బిళ్ల అంటించుకున్న, ఆకుపచ్చది. ఆమె దానికి 'తోడు' అనే పేరు పెట్టింది. మీ ప్రోగ్రాంల ఇప్పటికి అదే పేరున్నదట. ఎందుకా అని మీరు అనుకునే ఉంటరు.

ఇంకొకటి. కొత్తది ఎక్కించిన మాపు మొదటి పాలు నావే. మా బర్రె పాలు పోసి, పాతదాండ్ల ఎంత వచ్చింది, కొత్తదాండ్ల ఎంత వచ్చింది అని పక్కపక్కన చూసేది. రెండు ఒక్కతీరుగుంటేనే ఇంకోలను పిలుస్త. తప్పు పడితే నా బర్రె మీద పడాలె, నర్సింహ బర్రె మీద పడితే ఊరంత వినాలె.

ఎక్కించే ముందురోజు వరుసల చెప్పేది: "రేపు మాపటికెల్లి స్లిప్పు జర వేరే తీరుగుంటది. పరేషాన్ కాకుండ్రి." చెప్పి మారిస్తే గొణుగుతరు. చెప్పకుండ మారిస్తే కొట్లాడుతరు. గొణుగుడు నయం.

నా పొదుపు చేసిన పని

గింత జాగ్రత్త పడ్డోళ్లం, తప్పు నా చేతనే జరిగింది.

యెల్లయ్యని మా ఊర్లనే ఉండె. నలభై ఒకటో నంబరు ఆయనది. రోజు పొద్దున నర్సింహ ఎనక నిలబడేటోడు. మాట తక్కువ, బీడీ ఎక్కువ. ఒక వానకాలం జ్వరమొచ్చి మూడు రోజులల్ల పోయిండు. ఆయన పెండ్లాం బాలమ్మ అప్పటికెల్లి కేంద్రానికి వచ్చుడు బంద్ చేసింది. ఇంట్ల బర్రె ఉన్నది, పాలున్నయి. చాయ హోటలుకు పోసేది. మొగుడు నిలబడ్డ జాగల నిలబడబుద్ధి కాలేదట. నేను ఒకపారి పిలిచిన, రాలే. మళ్ల పిలవలే.

ఒకరోజు పగటీలి సుజాత కొత్త వర్షన్ ఎక్కిచ్చి అడిగింది: "అవ్వా, ఈసారి ఒక ఉత్త నంబరు కావాలె, మళ్లమళ్ల పోసి చూడనీకె. నీదైతే నీ పైసల లెక్క చెడుతది. కొత్తది చేసుకుందామా?"

కొత్తదంటే కాగితాలు, ఫొటోలు, సంతకాలు. దండుగ. "నలభై ఒకటి ఊకెనే పడున్నది, దాన్నే వాడు," అన్న.

ఒక లీటరు మా ఇంటి పాలు తెచ్చిన. పోసినం, చూసినం. అవే పాలు మళ్ల క్యానుల పట్టి మళ్ల పోసినం. మూడోసారి గూడ అవే. లీటరు మీద లీటరు ఖర్చు చేసే మనిషిని కాను. మాపు దాన్నే తోడు పెట్టుకోవచ్చనుకున్న.

నాలుగోసారి పోయబోతుంటే బాలమ్మ వస్తాంది. కొప్పు ఊడిపోయింది, కాళ్లకు చెప్పులు లేవు, చేతిల ఫోన్.

"అక్కా, మా ఆయన వచ్చిండా?"

"ఏ ఆయన?"

"నాకెంతమందున్నరక్కా? యెల్లయ్య!"

ఫోన్ ముంగటికి చాపింది. సుజాత తీసుకొని చదివింది. మూడు మెసేజ్‌లు. మూడిండ్ల ఒక్కటే మాట: 'యెల్లయ్య గారూ, మీ పాలు ఒక లీటరు అందినవి. ధన్యవాదాలు.' పక్కింటి కోడలు చదివి చెప్తే ఉన్నదున్నట్టు లేచి ఉరికొచ్చిందట.

నంబరు ఖాళీగున్నదని చూసిన గని, నంబరు ఎనక ఫోన్ ఉన్నదని, ఫోన్ ఒక మనిషి చేతిల ఉన్నదని సోంచాయించలే. సుజాత ఫోన్ బాలమ్మకు తిరిగిచ్చింది. 'మిషన్ చెడిపోయింది' అనే మాట నా నోటిదాక వచ్చింది. అప్పటికప్పుడు గండం గడుస్తుండె. కని ఆ మాట ఒక్కసారి అన్నంక, రేపటికెల్లి ఎవరి ఫ్యాట్ తగ్గినా మిషన్ చెడిపోయిందనే అంటరు.

"తప్పు నాది బాలమ్మా," అన్న. "ఖాళీ నంబరని ఆయన నంబరు మీద మా పాలు పోసి చూసినం. కొత్త నంబరు దండుగనుకున్న."

తిడతదని నిలబడ్డ. ఆమె అరుగు మీద కూలబడి ఫోన్ దిక్కే చూసింది. అట్లనే చూసుకుంట అన్నది:

"బతికున్నప్పుడు పొద్దున ఒక్కపారి పోసి రానీకె మూలిగేటోడు. ఇయ్యాల ఎండల మూడుపార్లు పోసిండట, చూడు."

నవ్వింది. నవ్వుకుంటనే ఏడ్చింది. సుజాత గూడ ఏడ్చింది. నాకు చేతిల పాలున్నయి గనుక నేను ఏడవలే.

లేచి పోబోతు బాలమ్మ అడిగింది: "రేపు గూడ వస్తదా అక్కా?"

"పాలు పోస్తే వస్తది. ఉత్తగ రాదు."

సుజాత నా దిక్కు కోపంగ చూసింది. ఏం చేయాలె? నాకు మెత్తగ మాట్లాడొస్తే ఎప్పుడో సర్పంచ్ అవుదు.

తెల్లారి పొద్దున ఆరింటికి నర్సింహ ఎనక బాలమ్మ నిలబడ్డది. క్యాను వంపి, నలభై ఒకటి అని చెప్పి, ఫోన్ తీసి చేతిల పట్టుకున్నది.

"పోసిన. ఇగ పంపు," అన్నది.

గా గీత సంగతి

అప్పటికెల్లి ఒక్క పూట తప్పలే. పైసలు బాలమ్మ పేరుకే పోతుండె, అండ్ల కిరికిరి లేదు. మెసేజ్ మాత్రం యెల్లయ్య పేరున వచ్చేది.

కొన్ని నెలలకు పాల కంపెనీ పెద్దాఫీసోళ్లు ఒక కొత్త వర్షన్ పంపిండ్రు. పోయినోళ్ల పేర్లు తీసేసి, బ్యాంకు పుస్తకంల ఉన్న పేరే అంతట పెట్టాలని. మంచి పనే, నేను తప్పువట్టను. పగటీలి ఎక్కిచ్చిన, నా పాలు ముందు పోసిన, పాతది కొత్తది పక్కపక్కన చూసిన. అన్ని బరాబరి ఉన్నయి. మాపు బాలమ్మ పోసింది. ఫోన్ టింగుమన్నది. ఎనకామెతోని చదివిచ్చుకున్నది: 'బాలమ్మ గారూ, మీ పాలు అందినవి.'

బాలమ్మ నా దిక్కు చూసింది.

"నాకెందుకు చెప్పుడు? పోసింది నేనే కద, నాకు తెల్వదా? ఆయనకు చెప్పాలె గని."

మరునాడు రాలే. ఆ మరునాడు గూడ రాలే. మళ్ల హోటలుకే పోస్తుందని నర్సింహ చెప్పిండు. చెప్పి పక్కకు జరగకుండ నా ముంగటనే నిలబడ్డడు, ఎనక జాగా ఖాళీ ఉంచి.

సుజాతకు ఫోన్ కొట్టిన.

"అవ్వా, అది రూలు. ఒక్కరి కోసం మార్చనీకె రాదు."

"ఆ మెసేజ్ మొదలు పంపింది ఎవరు?"

"మనమే."

"మరి దిద్దు. రూలు పుస్తకంల ఉండనీ, పేరు పాస్‌బుక్కు లెక్కనే ఉండనీ. ఫోన్ల పోయే మాట ఒక్కటే మార్చు. నలభై ఒకటికి మాత్రమే. పాలబండి పోయినంక చెయ్యి. ముందు నా పాలు పోసి చూస్త."

"సరే అవ్వా," అన్నది. ఆ పగలు రాసింది. ఆ మాపు నేను బాలమ్మ ఇంటికి పోయి, "పాలు తే, నీ మొగుడు ఎదురు చూస్తుండు," అన్న.

మీరు తీసేస్తమంటున్నది గా గీతనే.

మీ మీద నాకు కోపం లేదు. ఎందుకున్నదో రాయకుండ గీత పెట్టింది సుజాత, అది ఆమె తప్పు. పక్కన రాయమని చెప్పకపోయింది నేను. ఇప్పుడు రాసిస్తున్న, పక్కన అంటించుకోండ్రి. మీకు తెల్వని గీత ఇంకేదన్న కనపడితే చెత్త అనుకొని ఊడ్చేసే ముందు ఆ ఊరికి ఒక ఫోన్ చెయ్యిండ్రి. పొద్దున తొమ్మిది దాటినంక చేస్తే ఎత్తుతరు.

నేను ఇప్పుడు గల్లాల కూసుంటలేను. మా పాలు పట్టుకొని అందరితోని వరుసల నిలబడుత. బాలమ్మ నాకు ముంగట. నిన్న పొద్దున వానల తడుసుకుంట వచ్చి పోసింది. ఫోన్ టింగుమన్నది. ఎనక్కు తిరిగి నాకు చూపిచ్చి, "చదువక్కా," అన్నది. ఆమెకు నోటికి వచ్చు, నాకు నోటికి వచ్చు. అయినా అద్దాలు పెట్టుకొని చదివిన.

"యెల్లయ్య గారూ, మీ పాలు రెండు లీటర్లు అందినవి. ధన్యవాదాలు."

బాలమ్మ ఫోన్‌ను మొఖం కాడికి తెచ్చుకున్నది. "ధన్యవాదాలట! చీకట్ల లేసి పేడ తీసింది నేను, పిండింది నేను, వానల తడిసింది నేను. దొరకు పండుకున్న కాడికే ధన్యవాదాలు!" అని తిట్టుకుంట, కొంగుతోని ఫోన్ తుడుసుకుంట ఇంటికి పోయింది.

ఆ గీత తీసేస్తే, రేపటికెల్లి ఆమె పొద్దుగాల ఎవరిని తిట్టాలె బిడ్డా?